పంచాయతీ ట్రక్కు - స్టీరింగు బుష్షుల సంగతి

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక మోటారు మేస్త్రీ చేసిన ప్రసంగ పాఠము)



నాకు వేదికపై నిలుచుటకన్న బండిక్రింద పరుండుటయే అలవాటు. ముప్పది యేండ్లకు పైగా డెల్టా ప్రాంతములో, కాలువగట్టు ప్రక్కన, చిన్న షెడ్డు పెట్టుకొని లారీలు, ట్రాక్టర్లు, చిన్న ట్రక్కులు బాగుచేయుచున్నాను. కావున నా మాటలలో గ్రీజు వాసన యున్నచో మన్నింప వేడుచున్నాను. పన్నులను గూర్చియు, నిధులను గూర్చియు పెద్దలు మీకు చెప్పియే యున్నారు. నేను చెప్పదలచినది అరచేతిలో ఇమిడిపోవు ఒక రబ్బరు ముక్కను గూర్చి.

పూర్వము పంచాయతీకి వాహనమనునది లేదు. ఇప్పుడు ఊరి చెత్త తీయుటకు, మంచినీరు మోయుటకు, చెట్లకు నీరు పోయుటకు బండి లేని పంచాయతీ అరుదు. తెలంగాణములో 2019, 2020 సంవత్సరములలో పల్లె ప్రగతి క్రింద గ్రామ పంచాయతీలు ట్రాక్టర్లు కొనినవి. మా వైపున పెక్కు పంచాయతీలు చెత్త కొరకు చిన్న ట్రక్కులను నడుపుచున్నవి. 2005లో టాటా ఏస్ వచ్చిన నాటినుండి ఈ తరహా చిన్న ట్రక్కులు పల్లెదారులలో చొరబడినవి. బండి కొన్ననాడు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఫొటో తీయించుకొందుము. అయిదారేండ్లు గడచిన పిదప దాని అడుగు భాగమును చూచువారెవరు? డ్రైవరు చూచును, మేస్త్రీ చూచును. బండికి యజమానులైన మీరు చూడరు. నేను వచ్చినది ఆ కొరతను గూర్చి మనవి చేయుటకే.

మొదట స్టీరింగు ఎట్లు పని చేయునో రెండు మాటలలో చెప్పెదను. డ్రైవరు త్రిప్పు చక్రమునుండి ఒక కడ్డీ క్రిందికి దిగును. దాని చివర చిన్న పళ్లచక్రము కలదు. దానిని పినియను అందుము. అది ఒక పొడవైన పళ్లకడ్డీతో కలిసియుండును. ఆ పళ్లకడ్డీయే ర్యాకు. పినియను తిరిగినకొలది ర్యాకు కుడికి ఎడమకు జరుగును. ర్యాకు రెండు కొనలనుండి టై రాడ్లు బయలుదేరి ముందు చక్రములను పట్టుకొని యుండును. ర్యాకు జరిగినచో చక్రములు తిరుగును. ఇంతే. ఇంతకు మించిన రహస్యమేమియు లేదు.

ఈ ర్యాకు ఒక ఇనుప లేక అల్యూమినియము గొట్టములో నుండును. ఆ గొట్టమును బండి చట్రమునకు క్లాంపులతో బిగింతురు. ఇనుమును ఇనుముతో నేరుగా బిగించినచో గుంతల అదురంతయు డ్రైవరు చేతులకు ఎక్కును. అందుచేత క్లాంపునకు గొట్టమునకు నడుమ రబ్బరు బుష్షులు వేయుదురు. ఇవి బయటి బుష్షులు. గొట్టము లోపల, పినియనుకు దూరముగా నుండు కొనలో, ర్యాకు జారుటకు ఆధారముగా మరియొక బుష్షు కలదు. మన దేశములో డ్రైవరు కుడివైపున కూర్చుండును గనుక చాల బండ్లలో ఆ లోపలి బుష్షు ఎడమ కొనలో నుండును.

రబ్బరు బుష్షు అరిగిన యెడల ఏమగును? డ్రైవరు చక్రమును త్రిప్పును. ర్యాకు జరుగవలసినది పోయి, గొట్టమే క్లాంపులలో ప్రక్కకు జరుగును. రబ్బరు నలిగి, ఇక జరుగ వీలులేని చోట ఆగిన పిదపగాని చక్రములు తిరుగవు. అనగా డ్రైవరు త్రిప్పిన దానిలో కొంత వృథా. బండి తిరుగలేదని అతడు మరికొంత త్రిప్పును. అప్పుడొక్కసారిగా ఎక్కువ తిరుగును. తిరిగి వెనుకకు త్రిప్పును. దారిలో బండి పామువలె పోవుట చూచి జనులు డ్రైవరు త్రాగియున్నాడందురు. పాపము, అతని నోట కాఫీ వాసన తప్ప మరేమియు ఉండదు.

మన ప్రాంతములో ఈ బుష్షులు త్వరగా పోవుటకు కారణములు కలవు. దమ్ము చేసిన పొలములనుండి ట్రాక్టర్లు తెచ్చిన బురద రోడ్లపై ఎండి గట్టిపడును. చెత్తబండి నీరు కారుచు నిత్యము తడిగా నుండును. ఎండ, వయస్సు రబ్బరును గట్టిపరచి పగుల్చును. వీటన్నిటికన్న పెద్ద శత్రువు నూనె. సర్వీసునాడు బండి అడుగున డీజిలు కొట్టించుట మనవారికి గొప్ప వేడుక. ఇనుము నిగనిగలాడును, తుప్పు పట్టదని సంతోషింతురు. ఆ డీజిలు రబ్బరు బుష్షులో ఇంకి దానిని ఉబ్బించి, మెత్తపరచి, ముద్దవలె చేయును.

మన పెద్దలకు ఎడ్లబండి క్రింద కందెన బుడ్డి వ్రేలాడుచుండెడిది. ఇరుసునకు కందెన వేయనిదే బండి కదల్చెడివారు కారు. ఆ బుద్ధి మన రక్తములో నున్నది. కీచుమన్న ప్రతిచోట గ్రీజు పెట్టుదుము. ఇనుము ఇనుముతో రాచుకొను చోట ఆ బుద్ధి మంచిదే. రబ్బరు దగ్గర అదే బుద్ధి చెరుపు చేయును. ఈ తేడా తెలియని మేస్త్రీలు కూడ కలరు. నాకును మొదటి అయిదారేండ్లు తెలియదు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకొనవలెను. చెప్పుకొనుటకే ఈ సభకు వచ్చితిననినను తప్పు లేదు.

కొన్నేండ్ల క్రిందట ఒక పంచాయతీవారి చిన్న ట్రక్కు నా షెడ్డుకు వచ్చినది. ఆ ఊరి పేరు చెప్పను. నడుపువాడు ఇరువది నాలుగేండ్ల కుర్రవాడు. "బాబాయీ, స్టీరింగు చేతికి అందుట లేదు. బస్సు ఎదురువచ్చినప్పుడు గుండె ఝల్లుమనుచున్నది" అన్నాడు. క్రింద చూచితిని. బయటి బుష్షులు రెండును చిలికిన వెన్నవలె నున్నవి. అవి మార్చవలెననియు, ర్యాకు నుండి కారుచున్న నూనెను కూడ ఆపవలెననియు చెప్పితిని. కుర్రవాడు ఫోనులో పెద్దలతో మాటలాడి ఫోను నా చేతికి ఇచ్చినాడు.

"మేస్త్రీ గారూ, ఈ నెల బిల్లులు పాసు కాలేదు. ఎట్లయినను సర్ది పంపండి. వచ్చే నెల అన్నియు క్రొత్తవి వేయింతుము" అని అటునుండి మాట.

నేను సర్దితిని. పాత సైకిలు ట్యూబును పట్టీలుగా కోసి, బుష్షులపై చుట్టి, క్లాంపులను బలముగా బిగించితిని. ఊగుడు తగ్గినది. కుర్రవాడు దండము పెట్టి పోయినాడు. వచ్చే నెల వచ్చినది, పోయినది. మరి రెండు నెలలును పోయినవి. నేనును అడుగలేదు. ట్యూబు ముక్కలు నూనెకు నాని జారిపోయినవి. ఒకనాటి తెల్లవారుజామున కాలువగట్టుపై పాలబండికి దారి ఇచ్చుటకు కుర్రవాడు ప్రక్కకు త్రిప్పినాడు. బండి ముందు వినలేదు. తరువాత మితిమీరి విన్నది. ట్రక్కు గట్టు దిగి కాలువ అంచున తుమ్మచెట్టునకు తగిలి ఆగినది. కుర్రవాని కుడిచేయి రెండుచోట్ల విరిగినది. వెనుక నిలుచుండవలసిన పారిశుధ్య కార్మికురాలు ఆనాడు జ్వరముతో పనికి రాలేదు. ఆమె వచ్చియున్నచో ఏమయ్యెడిదో నేను తలచుకొనను.

పంచాయతీవారు డ్రైవరు అజాగ్రత్త అనిరి. ఊరివారును అదే అనిరి. ఆసుపత్రికి పోయి ఆ కుర్రవానితో, "తప్పు నీది కాదు, ట్యూబు ముక్కలది, అవి పెట్టిన నాది" అని చెప్పితిని. తరువాత పంచాయతీ ఆఫీసునకు పోయి ఆ మాటయే వ్రాసి ఇచ్చితిని. అతడు మరల ఉద్యోగములో చేరుటకు ఆ కాగితము కొంత పనికివచ్చినది. ఆనాటినుండి నా షెడ్డులో స్టీరింగునకు "సర్దుట" అనునది లేదు. బుష్షు దొరకకున్న బండి నిలిచియుండును.

సభ్యులారా, ఆ ఫోనులోని మాట ఏ దుర్మార్గుడును అనలేదు. మీవంటి, నావంటి మనిషియే అన్నాడు. బిల్లు పాసు కాకుండుట నిజము. నెలాఖరున వీధిదీపముల బిల్లు, మోటారు మరమ్మతు, బ్లీచింగు పొడి, అన్నియు ఒకేసారి మీద పడుట నిజము. వాటి నడుమ ఒక రబ్బరు ముక్క చివరకు జారిపోవుట సహజము. అందుకే ఆ రబ్బరు ముక్కను చివరినుండి పైకి తెచ్చు ఉపాయమొకటి చెప్పెదను. దానికి ముందు, మీరే పరీక్షించు విధము తెలిసికొనవలెను. దీనికి మేస్త్రీ అక్కరలేదు.

బండిని సమతలముపై నిలిపి, చేతిబ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టుడు. చక్రములు నేలపైననే ఉండవలెను, జాకీ ఎత్తరాదు. బరువు చక్రములపై నున్నప్పుడే లోపము బయటపడును. పవరు స్టీరింగు బండియైనచో ఇంజను నడుచుచుండవలెను. ఒకరు సీటులో కూర్చుండి చక్రమును కొంచెము కుడికి, కొంచెము ఎడమకు, మజ్జిగ చిలికినట్లు ఊపుచుండవలెను. మరియొకరు టార్చిలైటుతో క్రింద ర్యాకును చూడవలెను. చేయి పెట్టరాదు, చూచుట మాత్రమే. గొట్టము క్లాంపులలో అటునిటు జరుగుచున్న యెడల బయటి బుష్షులు పోయినట్లు. గొట్టము కదలక టై రాడ్డు చివరనున్న గుండు కీలులో ఆట కనబడినచో అది మారవలెను. రెండును బాగున్నను చక్రములో ఆట యున్నచో లోపలి బుష్షునో, పినియనునో, పైనుండి దిగు కడ్డీ కీలునో అనుమానించి మేస్త్రీకి చూపవలెను.

ఆట ఎంత ఉండవచ్చునని అడుగుదురు. కేంద్ర మోటారు వాహనముల నియమావళి, 1989లో 98వ నియమము స్టీరింగు చక్రములో ఆట 30 డిగ్రీలకు మించరాదనుచున్నది. కీళ్లకు రబ్బరు టోపీలుండవలెననియు, బోల్టులు పిన్నులు ఊడకుండ బంధింపబడి యుండవలెననియు ఆ నియమమే చెప్పుచున్నది. 38 సెంటీమీటర్ల అడ్డకొలత గల చక్రమునకు 30 డిగ్రీలనగా అంచువద్ద దాదాపు 10 సెంటీమీటర్లు. ఇది చట్టము సహించు ఆఖరి హద్దు మాత్రమే. ర్యాకు స్టీరింగు మంచి స్థితిలో నున్నప్పుడు ఆట ఇంతకన్న చాల తక్కువగా నుండవలెను. పది సెంటీమీటర్ల వరకు చట్టమున్నదిగదా యని కాలువగట్టుపై ఎవరును బండి తోలవద్దు.

చట్టపు మాట వచ్చినది గనుక ఇదియు వినుడు. మోటారు వాహనముల చట్టము, 1988లోని 190వ సెక్షను లోపమున్న బండిని తోలినవానితో ఆగలేదు. లోపము తెలిసియో, మామూలు జాగ్రత్తతో తెలిసికొనగలిగియుండియో, ఆ బండిని తోలించినవానిని, తోలనిచ్చినవానిని కూడ అది పట్టును. కుర్రవాడు నోటితో చెప్పిన మాట మీ చెవిని పడినచో మీకు తెలిసినట్లే. ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఉన్నదిగదా యని కొందరందురు. రవాణా వాహనమునకు ఎనిమిదేండ్లవరకు రెండేండ్లకొకసారి, ఆపైన ఏటేట ఆ సర్టిఫికెట్టు తీసికొనవలెను. అది పరీక్ష జరిగిన నాటి స్థితికి సాక్ష్యము. బుష్షు మరునాడే చినగవచ్చును.

ఇక మార్చు విధము. మీరు చేయనక్కరలేదు, అయినను తెలిసియున్నచో, చేయువాడు సరిగ చేయుచున్నాడా లేదా యని దగ్గర నిలుచుండి చూడగలరు. బండిని జాకీతో ఎత్తిన పిదప దాని క్రింద గట్టి ఇనుప స్టాండ్లు పెట్టవలెను. జాకీ మీదనే బండిని నిలిపి క్రింద దూరు మేస్త్రీని బయటకు పిలువుడు, అతనికిని భార్యాబిడ్డలున్నారు. ముందు చక్రములను తిన్నగా నుంచి, స్టీరింగు చక్రము తిరుగకుండ కట్టవలెను. బయటి బుష్షులైనచో ఒక్కొక్క ప్రక్కనే క్లాంపు విప్పి మార్చుట మేలు. రెండును ఒక్కసారి విప్పినచో ర్యాకు వ్రేలాడి కడ్డీ కీలునకు బరువు పడును. పవరు స్టీరింగు గొట్టములు వంగకుండ చూడవలెను. నూనె కారుచున్నచో ముందది ఆపి గాని క్రొత్త రబ్బరు వేయరాదు. వేసినచో ఆరు నెలలలో మరల మొదటికి వచ్చును.

క్లాంపు కూర్చుండు చోట తుప్పును తీగె బ్రష్షుతో గీకి తుడువవలెను. క్లాంపు రంధ్రములు సాగియున్నచో, లేక చట్రము పగిలియున్నచో, బుష్షు మార్చి లాభము లేదు, ముందది బాగుచేయవలెను. క్రొత్త బుష్షు ఎక్కుట కష్టమైనచో సబ్బునీరు గాని సిలికాను గ్రీజు గాని పూయవచ్చును. మామూలు గ్రీజు, ఇంజనాయిలు పనికిరావు. బుష్షునకు చీలిక యున్నచో పాతదాని చీలిక ఏ వైపున నున్నదో క్రొత్తదానిది ఆ వైపుననే యుండవలెను. బోల్టులను కంపెనీ పుస్తకములో చెప్పిన బిగువుకు టార్కు రెంచితో బిగింపవలెను. పానాకు గొట్టము తగిలించి ఊగుట మనవారి బలప్రదర్శన. దానివలన రబ్బరు నలుగును, మర పోవును. తామంతట పట్టుకొను లాకు నట్లు ఒకసారి విప్పిన పిదప క్రొత్తవి వేయుటయే మంచిది.

పాలియురితేను అను గట్టి ప్లాస్టిక్కు బుష్షులు కూడ బజారులో కలవు. నూనెకు అవి రబ్బరుకన్న తట్టుకొనును. స్టీరింగు బిగువుగా నుండును. అదురు మాత్రము చేతులకు ఎక్కువ ఎక్కును. దినమంతయు గుంతలలో తిరుగు చెత్తబండికి నేను కంపెనీ రబ్బరునే వేయుదును. ఇది నా అభిప్రాయము. వేరుగా తలచు మంచి మేస్త్రీలును కలరు.

లోపలి బుష్షు మార్చుట పెద్ద పని. ర్యాకును బండినుండి దింపి, టై రాడ్లు విప్పి, కొన విప్పి బుష్షు తీయవలెను. టై రాడ్డు కొన ఎన్ని చుట్లు తిరిగి ఊడినదో లెక్క వ్రాసికొని, మరల అన్ని చుట్లే ఎక్కింపవలెను. తరువాత ర్యాకును పినియనుకు ఒత్తు మరను సరిచేయవలెను. అది మితిమీరి బిగిసినచో మలుపు తిరిగిన పిదప చక్రము తనంతట వెనుకకు రాదు. అది వదులు స్టీరింగుకన్న తక్కువ ప్రమాదమేమియు కాదు. ఈ పనిని పనిముట్లున్న షాపులోనే చేయింపుడు. ర్యాకు పళ్లు అరిగియున్న యెడల, లేక రబ్బరు తొడుగు చినిగి లోపలికి నీరు చేరి తుప్పు పట్టియున్న యెడల ర్యాకునే మార్చవలసి వచ్చును. ఆ తొడుగు చినిగిననాడే మార్చినచో ఆ ఖర్చు తప్పును. ఏ పని చేసినను చివర చక్రముల అలైన్‌మెంటు చూపింపవలెను. లేకున్న టైర్లు ఒకవైపే అరిగి, బుష్షులో మిగిలిన డబ్బు టైర్లలో పోవును.

ట్రాక్టర్లున్నవారికి ఒక మాట. మీ బండ్లలో సాధారణముగా ర్యాకు ఉండదు. స్టీరింగు పెట్టెయో, పవరు సిలిండరో ఉండును. ఊపి చూచు పరీక్ష మాత్రము అదే. కీళ్లను, ముందు ఇరుసు పిన్నుల బుష్షులను చూడుడు. అక్కడ గ్రీజు నిపిళ్లున్నచో మన పెద్దల కందెన బుద్ధిని నిరభ్యంతరముగా ప్రయోగింపవచ్చును.

ఉపాయమొకటి చెప్పెదనంటిని. బండిలో ఒక పుస్తకముండవలెను. డ్రైవరు తాను కనిపెట్టిన లోపమును తేదీతో వ్రాయవలెను. వ్రాయరానిచో కార్యదర్శి వ్రాసి చదివి వినిపింపవలెను. ఆ పుస్తకము ప్రతి నెల పంచాయతీ సమావేశములో బల్లపైకి రావలెను. స్టీరింగు, బ్రేకు అను రెండు మాటలు అందులో కనబడిననాడు మిగిలిన పద్దులకన్న ముందు వాటిని తీర్మానింపుడు. అంతవరకు బండి కదలరాదు. చెత్త రెండు దినములు నిలిచినచో ఊరు మిమ్ములను తిట్టును. ఆ తిట్లు పడుడు. మరమ్మతైన పిదప పాత బుష్షులను సంచిలో పెట్టి తెమ్మనుడు. తీసినవి మీ చేతికి వచ్చినచో, వేసినట్లు సగము నమ్మకము. మిగిలిన సగమునకు మరల ఊపి చూడుడు. కొన్ని దినములు నడిచిన పిదప బోల్టుల బిగువు మరియొకసారి చూపింపుడు.

నేను తెచ్చిన పాత ట్రక్కు బయట వేపచెట్టు క్రింద నున్నది. దాని ఎడమవైపు బుష్షు పోయినది, కుడివైపుది బాగున్నది; కావలెననియే మార్చక తెచ్చితిని, తాడు కట్టి లాగించుకొని తెచ్చితిని. ఇద్దరిద్దరుగా రండు. ఒకరు చక్రమును ఊపుడు, ఒకరు టార్చితో వంగి చూడుడు. చక్రములకు రాళ్లు పెట్టియే యున్నవి.